తొట్టి అడుగున తెల్ల మడ్డి

నెరెయా వచ్చి కుర్చీ అంచున కూర్చుంది. గోళ్ళ సందుల్లో కొబ్బరి పొట్టు నలుసులు ఇంకా అలాగే ఉన్నాయి. ఆ పిల్ల సరిగా నిద్రపోయి ఎన్నాళ్ళయిందోనని జోసుకి అనిపించింది.

"రేపో మాపో నన్ను లోపలేస్తారు, ఆరాంచా గారూ. క్లబ్బులో కోల్డో పొద్దున్నే చచ్చిపోయాడంటున్నారు. పొద్దున ఆ మొక్కల గదిలో ఉన్నది నేనొక్కదాన్నే."

"ముందు ఆ కాఫీ తాగు. తర్వాత మొదట్నుంచీ చెప్పు," అంది ఆరాంచా.

తొలోసా ఊళ్ళో ఆరాంచా ఒలాబెరి అడుగుపెట్టని గుమ్మం లేదు. ప్రైవేటు డిటెక్టివ్ పని చేసి చేసి జుట్టు నెరిసిందిగాని చూపు మందగించలేదు. ఆమె సహాయకుడు జోసుకి ఆవిడంటే మహా గురి. ఆ గురి కాస్త అతి అని అతని భార్య దెప్పుతుంటుంది.

నెరెయా చెప్పింది. ఊరి చివర గంజాయి క్లబ్బు ఉంది. సభ్యులు తమ వాడకానికి అందరూ కలిసి పెంచుకుంటారు. వాళ్ళలో సగం మంది జబ్బు మనుషులే, నొప్పి ఓర్చుకోలేక చేరినవాళ్ళు. పెంపకమంతా కోల్డోది. నెరెయా అతని దగ్గర పని నేర్చుకుంది. తాళంచెవులు వాళ్ళిద్దరికీ, అధ్యక్షుడు బిత్తోర్‌కీ మాత్రమే ఉన్నాయి. శవం దొరికిన ముందురోజు సాయంత్రం ఆమె ఇంటికి వెళ్ళాక, మొక్కల మందుల కొట్టు ఇమానోల్ సీసాలు తెచ్చాడు. కోల్డోనే తలుపు తీశాడు. అప్పుడు మొక్కలకి పోసే మందు నీళ్ళ తొట్టి ఖాళీగా ఉందని ఇమానోల్ పోలీసులకు చెప్పాడు. పొద్దున ఆమె తలుపు తీసేసరికి తొట్టి సగం నిండి ఉంది, కుండీలు తడిసి ఉన్నాయి, ఇనుప బల్ల పక్కన కోల్డో తల పగిలి పడి ఉన్నాడు.

"కోల్డో ఏ రోజుకారోజు పొద్దున్నే కలుపుతాడు. నిలవ నీళ్ళు పొయ్యడు. అందుకే పొద్దున్నే వచ్చి, కలిపి, తడిపాక చచ్చిపోయాడని పోలీసుల లెక్క."

"ఒంటి వేడిని బట్టి ఎప్పుడు పోయాడో డాక్టరు చెప్పలేకపోయాడా?"

"ఆ దీపాల కింద గది పొయ్యిలా ఉంటుందండీ. ఏ వేళనేది తేలలేదు."

"మీ ఇద్దరికీ పడేదేనా?"

నెరెయా తల దించుకుంది. "మొన్నీమధ్యే గట్టిగా అరుచుకున్నాం. వేరే క్లబ్బుకి పోతానన్నాను. అందరూ విన్నారు."

ఇన్‌స్పెక్టర్ అనుమతితో ముగ్గురూ ఆ గదికి వెళ్ళారు. నేల మీద నెత్తుటి మరక చూడగానే నెరెయా మొహం తిప్పేసుకుంది. ఆరాంచా మోకాళ్ళ మీద కూర్చుని తొట్టి అడుగున వేలు పెట్టి తీసింది. వేలికి తెల్లటి, గరుకు మడ్డి అంటుకుంది. పక్కనున్న కొలత జగ్గు అడుగునా అదే గట్టిపడి ఉంది. తర్వాత ఒక్కో కుండీ కింద పళ్ళెం చూసుకుంటూ పోయింది. అన్నీ కడిగి ఆరబెట్టినట్టే ఉన్నాయి, నీళ్ళు కారిన మరకైనా లేదు.

అరలో 'ఏ', 'బీ' అని రాసున్న రెండు మందు సీసాల మూతలు తీసి ఉన్నాయి. కాల్షియం సీసాకి మాత్రం సీలు ఊడలేదు.

"పాతది ఉందా?"

"అయిపోయింది. అందుకే ఇమానోల్ కొత్తది తెచ్చాడు."

అర చివర దుమ్ములో గుండ్రటి మచ్చ ఉంది. "ఇక్కడేం ఉండేది?"

"చిన్న సీసా. నేను వెళ్ళేటప్పటికి ఉంది. పూత లావెక్కే మందని బిత్తోర్ గారు తెచ్చారు. దాని మీద పేరూ ఊరూ లేవు. జబ్బు మనుషులు పీల్చేదాంట్లో అది పొయ్యనని కోల్డో మొండికేశాడు. పరీక్షకి పంపించి మీటింగులో తేలుస్తానన్నాడు."

అక్కణ్ణుంచి ఆరాంచా ఇమానోల్ కొట్టుకి వెళ్ళింది. బాల్కనీలో ఒక మొక్క పెంచాలని ఉంది, ఏ మందు కొనాలో చెప్పమని అమాయకంగా అడిగింది.

"మట్టిలోనా, కొబ్బరి పొట్టులోనా మేడమ్?"

"పొట్టులో."

"అయితే మూడు సీసాలూ కావాలి. పొట్టు కాల్షియాన్ని లాగేసుకుంటుంది, మన కొండ నీళ్ళలోనేమో అది ఉండదు. ముందు నీళ్ళలో అది కలపండి. తర్వాత 'ఏ' సీసా. బాగా కలిశాక 'బీ'. చిక్కటివి రెండూ నేరుగా కలిపారో, సున్నంలా విరిగి అడుక్కి పోతుంది. కింద పళ్ళెంలోకి కారేదాకా పొయ్యండి, లేకపోతే ఉప్పు పేరుకుంటుంది."

బిత్తోర్ ఆ సమయంలో తన తోటలో నల్ల చిక్కుళ్ళకి కర్రలు పాతుతున్నాడు. అతన్నీ అదే అడిగింది.

"సముద్రం దాటొచ్చిన పొట్టులో మొక్కలేంటమ్మా, మట్టి లేనట్టు," అన్నాడు బిత్తోర్. "మందు మందే. రెండూ ఒక గ్లాసులో కలిపి నీళ్ళలో పారబొయ్. కింద కారిందంటే దండగ. కోల్డోగాడివన్నీ వేషాలు. పాపం, పోయినవాణ్ణి అనకూడదులే."

"క్లబ్బుకి ఈమధ్య వెళ్ళారా?"

"ఆ గది గడప తొక్కి నెల దాటింది. ఆ పొద్దున మేమంతా కలిసి వండుకు తినే వంటల సంఘంలో కాడ్ చేప వండుతున్నా. ఎవర్నైనా అడుగు."

తిరిగొచ్చే దారిలో జోసు ఆగలేకపోయాడు. "ఏమైనా దొరికిందా అండీ?"

"దొరికింది. ఇన్‌స్పెక్టర్‌కి ఫోన్ చెయ్. బిత్తోర్ తోటలో షెడ్డు వెతకమను."

మర్నాడు క్లబ్బు పొడుగు బల్ల చుట్టూ అందరినీ కూర్చోబెట్టింది. ఇన్‌స్పెక్టర్ తలుపు దగ్గర నిలబడ్డాడు.

"ఆ తొట్టి నీళ్ళు కోల్డో కలపలేదు," అని మొదలుపెట్టింది ఆరాంచా. "కలిపినవాడు 'ఏ', 'బీ' రెండూ చిక్కగానే జగ్గులో పోశాడు. అందుకే ఆ తెల్ల మడ్డి. కాల్షియం సీసా ముట్టుకోనే లేదు. మట్టి మొక్కలకి పోసినట్టు పైపైన తడిపి వదిలేశాడు. అందుకే పళ్ళాలు పొడిగా ఉన్నాయి. కోల్డో కలపకపోతే, కోల్డో పొద్దున బతికున్నాడనడానికి ఆధారం ఏముంది? చచ్చింది సాయంత్రమే, ఇమానోల్ వెళ్ళాక. పొద్దున పోయాడనిపించడానికే ఈ నాటకం."

"అయితే ఈ పిల్లే ఆడిందేమో," అన్నాడు బిత్తోర్.

"ఈ పిల్ల రోజూ కోల్డో పక్కన నిలబడి కలిపేది. ఇమానోల్ అమ్మే ప్రతి సీసాతోపాటూ ఈ పాఠం చెప్తాడు. నాకూ చెప్పాడు. రెండూ ఒక గ్లాసులో కలపమని చెప్పింది మీరొక్కరే, బిత్తోర్ గారూ. మూడో తాళంచెవీ మీదే."

ఇన్‌స్పెక్టర్ చిన్న సీసా ఒకటి బల్ల మీద పెట్టాడు. "మీ షెడ్డులో, చిక్కుడు విత్తనాల సంచిలో దొరికింది."

"అది నెరెయా వెళ్ళేదాకా ఆ గది అరలో ఉంది. మీరేమో నెల్లాళ్ళుగా రాలేదన్నారు," అంది ఆరాంచా.

బిత్తోర్ సీసాని దూరంగా తోశాడు. "సభ్యులంతా పక్క ఊరి క్లబ్బుకి పోతున్నారు. అక్కడ పువ్వు ఇంతింత ఉంటోందట. ఈ క్లబ్బు పెట్టింది నేను. కోల్డో మీటింగులో నా పరువు తీస్తానన్నాడు. తోశాను. అంతే. బల్ల తగిలింది. పోయాడనుకున్నా."

"పోలేదు," అంది ఆరాంచా. ఆమె గొంతు ఎప్పుడూ లేనంత కఠినంగా ఉంది. "పడ్డాక చాలాసేపు ఊపిరి ఉందని డాక్టరు రాశాడు. మీరు జగ్గులో మందు కలుపుతూ, కుండీలు తడుపుతూ ఉన్నంతసేపూ అతను ఆ నేల మీద బతికే ఉన్నాడు."

బిత్తోర్ కుర్చీలోంచి లేచాడు.

"మా ఇల్లు ఈ వీధి చివరే," అంది నెరెయా మెల్లగా. "ఒక్క కేక వేసినా వచ్చేదాన్ని కదా, బిత్తోర్ గారూ."

అతన్ని తీసుకెళ్ళాక జోసు నెరెయాకోసం మొక్కల గదిలోకి వెళ్ళాడు. నెరెయా తొట్టి తోమి కొత్త నీళ్ళు పట్టింది. కాల్షియం సీసా సీలు తీసి ముందు అది కలిపింది. తర్వాత 'ఏ', అది బాగా కలిశాక 'బీ'. మొదటి కుండీకి పొయ్యడం మొదలుపెట్టింది. కింద పళ్ళెంలోకి నీళ్ళు కారాయి. అయినా జగ్గు దించలేదు.

"చాలదా?" అన్నాడు జోసు.

"కోల్డో అయితే ఇంకొంచెం పొయ్యమనేవాడు," అంది.