కుట్లు విప్పకముందే

అద్దం ముందు నిలబడి పెదవి పైకెత్తబోతుంటే అక్క చెల్లెలి చేతిమీద ఒక్కటిచ్చింది.

"లాగొద్దని డాక్టర్ చెప్పారా లేదా? కుట్లు కదిలితే పని మళ్ళీ మొదటికొస్తుంది!"

రేడియోలో వాగుడుకాయ అని పేరు తెచ్చుకున్న పిల్ల. పంటి దగ్గర చిగురు జారిపోతే, అంగిట్లోంచి కాస్త కండ తీసి అక్కడ అతికి కుట్టారు. మత్తు వదిలాక అంగిలి మంట, చిగురు సలుపు. వేళకి మాత్ర వేసుకుంటే నొప్పి తగ్గుతోంది, దవడకి ఐసు ఆనిస్తే వాపు అణుగుతోంది. చల్లార్చిన సూపు చెంచాతో దిగుతోంది. మాట మాత్రం బంద్. దాంతో కూర్చోలేక, పడుకోలేక గదంతా కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది.

అసలు బాధ వేరే. సర్జరీకి ముందు స్టూడియోలో సౌండ్ ఇంజనీరు, "నేనంటే నీకిష్టమేనా?" అని అడిగేశాడు. "పంటి పనయ్యాక చెప్తా" అని ఊరించింది. నిన్న చూడటానికొచ్చి, "నువ్వు లేవని మైకులన్నీ హాయిగా రెస్టు తీసుకుంటున్నాయి" అన్నాడు. నవ్వు తన్నుకొచ్చింది. నవ్వితే కుట్లు! కంగారుగా తలుపు చూపించి పొమ్మని చెయ్యూపింది. అతని మొహం మాడిపోయింది. గిరుక్కున తిరిగి వెళ్ళిపోయాడు.

ఫోనులో "ఇష్టమే" అని టైపు చేసి చెరిపేసింది. అంత మాట వేలితో చెప్పడమేమిటి? ఉండబట్టలేక, అక్క స్నానానికి వెళ్ళగానే స్టూడియోకి బయల్దేరింది.

అతను హెడ్‌ఫోన్లు తీసి లేచాడు. "పిచ్చా నీకు? మాట్లాడకూడదుగా! నిన్న పొమ్మన్నావు, అర్థమైంది. మళ్ళీ చెప్పాలా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. వాచిన పెదవుల మధ్య నుంచి, "ఇత్తం" అంది.

"ఇస్తావా? ఏమిస్తావు?"

ఆమెకి ఒళ్ళు మండింది, కళ్ళల్లో నీళ్ళూ తిరిగాయి. అతని చెయ్యి గట్టిగా పట్టుకుని కూడబలుక్కుంది. "నువ్వంతే... ఇత్తం. నిన్న... నవ్వొత్తోందని పొమ్మన్నా."

అప్పటికి వెలిగింది ఆ మొద్దుకి. తనని పట్టుకున్న ఆమె చెయ్యిని అతనూ వదల్లేదు.

అంతలో ఆమె ఫోను మోగింది. అక్క! అతనే ఎత్తాడు.

"ఇక్కడే ఉందండీ, నా దగ్గర."

"నోరు విప్పిందా?"

"రెండు ముక్కలు."

"అవేంటో నాకు తెలుసులే బాబూ! ముందు ఇంటికి తీసుకురా. కుట్లు విప్పేదాకా దాన్ని నవ్వించకుండా ఉంటే, అమ్మానాన్నలతో నేను మాట్లాడతా."

"అలాగే అక్కా" అన్నాడతను, పరీక్ష హాల్లో కూర్చున్నవాడిలా మొహం బిగించి.

ఆ మొహం చూసి ఆమె రెండు చేతులతో నోరు మూసుకుని గోడవైపు తిరిగిపోయింది.