కిటికీ పక్క సీటు, సిగ్నల్ లేని ఆకాశం

"ఆమె ఏడుస్తుంది. ఏడవనీ," అన్నాడు బాస్.

కొత్త పెళ్లికూతురి వేషంలో ఉన్న ఏజెంట్ చిలక తల ఊపింది.

బ్రీఫింగ్ పొట్టిది. రైల్వే సిగ్నల్ ఇంజనీరు ఒకావిడ ఈ ఫ్లైట్‌లో ఇంటికి వెళుతోంది. సిగ్నళ్లు మార్చే కోడ్ ఆమెకు తెలుసు. విమానం కదలగానే ఆమెకో ఫొటో వస్తుంది: కుర్చీకి కట్టేసిన మొగుడు, మెడ మీద కత్తి. దిగేలోపు కోడ్ పంపాలి, లేదంటే పీక కోస్తారు. పంపితే రెండు ప్యాసింజర్ రైళ్లు ఎదురెదురుగా ఒకే పట్టాల మీదికి వస్తాయి.

"తనని తాను కట్టేసుకుంది ఆ మొగుడే. విదేశీ ముఠాకి ఇక్కడ పెద్ద వాడే. ఎక్కడ దాక్కున్నాడో మాత్రం దొరకలేదు."

"ఆమెకు చెప్పేస్తే సరిపోదా సార్?"

"చెబితే మెసేజ్‌లో తేడా వస్తుంది. మొగుడు కదా, ఇట్టే పసిగడతాడు. షిఫ్టు మారాక పాత కోడ్ చచ్చిపోతుంది. అప్పటిదాకా ఆమెకు నెట్ అందకూడదు. ఆ తర్వాత పంపనీ. వాడు ఆ చచ్చిన కోడ్ కొట్టిన మరుక్షణం ఎక్కడున్నాడో మనకు తెలిసిపోతుంది."

ఏజెంట్ హ్యాండ్‌బ్యాగులో లిప్‌స్టిక్ ఉంది. మూత తీస్తే చుట్టుపక్కల వరుసల్లో నెట్ చచ్చిపోతుంది.

కిటికీ సీట్లో కూర్చున్న ఇంజనీరు, పక్కన పెళ్లికూతుర్ని చూడగానే కలిసిపోయింది. ఫోన్ తీసి ఫొటో చూపించింది. ఒకే గ్లాసులో రెండు టూత్‌బ్రష్‌లు.

"ఆయనదే నీలం. నా బ్రష్ పక్కకి ఒరిగితే సరిచేసి పెడతారు. పిచ్చి మనిషి."

"అదృష్టవంతులు అక్కా," అంది చిలక, లిప్‌స్టిక్ మూత మీద వేలు పెట్టి.

విమానం కదిలింది. ఫోన్ గుర్రుమంది. ఇంజనీరు ముఖం పాలిపోయింది. చిలక మూత తీసింది.

ఆ తర్వాత ఫోన్ తెరమీద చక్రం తిరుగుతూనే ఉంది. ఇంజనీరు వైఫై ప్యాక్ కొంది. మళ్లీ కొంది. ఫోన్ ఆపి తెరిచింది, కిటికీ అద్దానికి ఆనించింది.

"చెల్లీ, నీ ఫోన్‌లో వస్తోందా?"

"లేదక్కా. మా ఆయన కూడా బెంగపెట్టుకుని ఉంటాడు."

ఇంజనీరు చీర కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. చిలక ఆమె వీపు నిమిరింది. ఆ పని చిలకకు బాగా వచ్చు.

విమానం కిందికి దిగడం మొదలైంది. ఇంజనీరు చటుక్కున లేచి ముందు వరుసల వైపు పరుగెత్తింది. అక్కడ లిప్‌స్టిక్ బలం చాలదు. తెరమీద సిగ్నల్ గీతలు మొలిచాయి. ఆమె బొటనవేలు 'సెండ్' మీదికి వెళ్లింది.

చిలక వెనకే వచ్చి, ఎయిర్ హోస్టెస్ ట్రేలోని కాఫీ కప్పు అందుకుని ఆ చేతిమీద బోర్లించింది. పొగలు కక్కే కాఫీ. ఫోన్ కిందపడింది.

"అయ్యో అక్కా, కాలు జారింది," అంది చిలక, ఫోన్ తీసి తన దగ్గరే పెట్టుకుని.

బొబ్బలెక్కిన చేతిని ఇంజనీరు పట్టించుకోలేదు. "ఇవ్వమ్మా. నీకూ మొగుడున్నాడు కదా. ఇవ్వు."

స్పీకర్‌లో కెప్టెన్ గొంతు వినిపించింది. "ఎడమవైపు కిటికీల్లోంచి సరస్సు చూడొచ్చు."

ఎడమవైపు మబ్బులు తప్ప ఏమీ లేవు. కోడ్ మారిందని సంకేతం అది. చిలక లిప్‌స్టిక్ మూత బిగించి ఫోన్ ఇచ్చేసింది. మెసేజ్ వెళ్లింది. చక్రాలు రన్‌వేని తాకే క్షణానికి చిలక ఫోన్‌కు వీడియో వచ్చింది. శుభ్రమైన వంటగది, బేడీలతో మొగుడు, ముందు సగం తాగిన టీ.

"మీ ఆయన క్షేమం అక్కా."

ఇంజనీరు వీడియో మీద ముద్దు పెట్టుకుంది. తర్వాత మళ్లీ చూసింది. "పోలీసులు ఈయన్నెందుకు పట్టుకున్నారు? కట్లు ఎవరు విప్పారు?"

"ఆయనే కట్టుకున్నాడు, ఆయనే విప్పుకున్నాడు. పెళ్లి కూడా కోడ్ కోసమే. నెట్ లేక మీ మెసేజ్ ఆలస్యమైంది, అప్పటికే పాత కోడ్ చచ్చిపోయింది, రైళ్లు క్షేమం."

విమానం ఆగింది. అందరూ సామాన్లు దింపుకుంటున్నారు. ఆమె ఫోన్ మోగింది. ఎయిర్‌లైన్ నుంచి మెసేజ్: ఈ ప్రయాణంలో మా ఇంటర్నెట్ సేవ మీకెలా అనిపించింది?

కాలని చేత్తో ఆమె ఐదు స్టార్లూ నొక్కింది.