లాక్ పడిందా?

కొండ మీద వీధి ఆగిపోయే చోట ఒక చక్రం ఉంది. చీకటి పడ్డాక అక్కడ ఎవరన్నా ఏమన్నా అడిగితే జవాబు చెప్పకూడదు. కేబుల్ బండి నడిపేవాళ్ళలో ఎవర్ని కదిపినా ఈ మాటే చెప్తారు, అదీ పక్కకి తీసుకెళ్ళి, గొంతు తగ్గించి.

చక్రమంటే నేలలో అమర్చిన పెద్ద గుండ్రటి చెక్కపలక. దాని మీద రెండు పట్టాలు. కేబుల్ బండికి ఇంజనుండదు కదా... వీధి కింద గాడిలో ఇనప తాడొకటి పొద్దస్తమానం పరుగెడుతూ ఉంటుంది. బండిలో లివరు లాగితే కిందనున్న పట్టకారు ఆ తాడుని కరుచుకుంటుంది. తాడెటు పోతే బండీ అటే. లివరు బండికి ముందువైపే ఉంటుంది కాబట్టి, లైను చివర బండిని ఆ పలక మీదికి ఎక్కించి, మొహం ఇటు తిప్పుకోవాలి. లివరాయన ఒక మూల, కండక్టర్ ఎదుటి మూల, భుజాలు ఆనించి తోస్తారు. తోసేవాళ్ళు ఒకరికొకరు కనిపించరు. మధ్యలో బండి ఉంటుంది.

తిప్పాక పలక కదలకుండా లివరాయన కాలితో లాక్ తొక్కాలి. అవతలి నుంచి కండక్టర్ "లాక్ పడిందా?" అని అడగాలి. "పడింది" అని జవాబొస్తేనే గంట కొట్టి బండిని పలక మీంచి దించాలి. అడగటమూ రూలే, చెప్పటమూ రూలే.

పదకొండేళ్ళ కిందట ఒక కండక్టర్ అక్కడ అడగలేదట. లాక్ పడలేదు. బండి బరువుకి పలక పక్కకి జారింది. పలకకీ దాని చుట్టూ ఉన్న రాతి గట్టుకీ మధ్య అతని కాలు ఇరుక్కుపోయింది. మోకాలి కిందికి తీసేశారు. నాలుగేళ్ళు మంచానికి అతుక్కుని, ఆఖరికి పోయాడు. బతికుండగా అడగనివాడు చచ్చాక అడుగుతూ తిరుగుతున్నాడని డిపోలో అనుకుంటారు. అందుకే చీకటి పడితే అక్కడ నోటితో అడగరు. కండక్టర్ బండి మీద ఒకసారి తడతాడు. లివరాయన రెండుసార్లు తడతాడు. అంతటితో సరి.

ఇంతకీ ఈ దెయ్యాన్ని పుట్టించిన మహానుభావుడెవరంటే — మన లివరు మామయ్యే.

డిపోలో అందరికంటే పాత లివరాయన. కాలు పోయినవాడు ఆయనకి పరాయివాడేం కాదు, సొంత అక్క మొగుడు. ఆ రోజు ఆ బండికి లివరాయన ఈయనే.

ఈయనొక్కడికే తెలిసిన సంగతేమిటంటే... బావ అడిగాడు. గొంతెత్తి, శుభ్రంగా అడిగాడు. ఈయన అటు పోతున్న మేస్త్రీతో ఏదో కబుర్లాడుతూ, వెనక్కయినా తిరగకుండా "పడిందిలే బావా" అనేశాడు. కాలు లాక్ మీద పెట్టనే లేదు.

విచారణలో పెద్దసారు అడిగాడు. "అతను లాక్ సంగతి అడిగాడా, లేదా?" ఉద్యోగం ఊడిపోవడం కళ్ళ ముందు కనబడింది. "అడగలేదు సార్" అన్నాడు. తీరా ఆస్పత్రిలో బావనడిగితే, బావ కాసేపు పైకప్పుకేసి చూసి, "మర్చిపోయానేమో సార్" అన్నాడట. ఎందుకలా అన్నాడో ఈయనకి అంతుపట్టలేదు. అడగడానికి మొహం చెల్లలేదు.

బావ పోయిన వారానికి ఒక రాత్రి అదే చక్రం దగ్గర ఎవరో కండక్టర్ మామూలుగా "లాక్ పడిందా?" అన్నాడు. ఈయనకి కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఏమైందని వాడు పరుగెత్తుకొస్తే, ఏదో ఒకటి చెప్పాలి కదా... "ఇటుపక్క నుంచి కూడా ఎవరో అడిగినట్టనిపించిందిరా" అన్నాడు. అంతే. నెల తిరిగేసరికి లైను మీద అందరూ విన్నవాళ్ళే. చీకటి పడితే అడగటం మానేసి తట్టడం మొదలెట్టారు. చీకట్లో ఆ మాట మళ్ళీ వినే పని తప్పినందుకు ఈయన హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. పీల్చుకున్నందుకు రాత్రంతా నిద్ర పట్టలేదు.

అక్కడితో అయినా బావుండేది. కొత్తగా చేరినవాళ్ళకి లాక్ పాఠం చెప్పే పని కూడా ఈయనకే పడింది. ఏడాదికోసారి బల్ల ముందు నిలబడి, "ఒక కండక్టర్ అడగలేదు, కాలు పోగొట్టుకున్నాడు" అని చెప్పాలి. పోయినేడు ఆ పాఠానికి ముందు వరసలో కూర్చుంది ఎవరో కాదు, మేనకోడలు. బావ కూతురు. ఈయన పాఠం గోడకి చెప్పాడు. ఆ పిల్ల తలొంచుకుని శ్రద్ధగా రాసుకుంది. ఆ రోజు నుంచి డిపోలో ఆమె ఎదురొస్తే, ఈయనకి ఎక్కడలేని పనీ గుర్తొచ్చేది.

మరి ఆ రాత్రి ఏం జరిగిందంటే...

కండక్టర్ జ్వరమొచ్చి మధ్యలో దిగిపోయాడు. ఆఖరి ట్రిప్పుకి డిపో వాళ్ళు ఇంకొకర్ని పంపారు. మఫ్లర్ చెవుల చుట్టూ బిగించుకుని బండెక్కింది — మేనకోడలు.

"నువ్వా తల్లీ?" అన్నాడు.

"నేనే మామయ్యా. పొద్దుట్నుంచీ టిక్కెట్ టిక్కెట్ అని అరిచి గొంతు పోయింది. నాతో ఎక్కువ మాట్లాడించకు" అంది బొంగురుగా.

మాట్లాడించే ఉద్దేశం ఈయనకెక్కడిది. "పైన చక్రం దగ్గర నోటితో అడక్కూడదు, తెలుసుగా? ఒకసారి తట్టు" అని మాత్రం అన్నాడు. ఆమె టిక్కెట్ల సంచీ సర్దుకుంటూ వెనక్కి వెళ్ళిపోయింది.

కొండెక్కేసరికి మంచు కమ్మేసింది. ఆఖరి మనిషి దిగిపోయాడు. మూసేసిన దర్జీ కొట్టు, దాని పక్కన గుడ్డిదీపం, ఆపైన వీధే లేదు. ఈయన లివరు వదిలాడు. బండి తనంతట తాను జారి పలకెక్కి ఆగింది. కింద గాడిలో తాడు మాత్రం గరగరమంటూ పోతూనే ఉంది.

ఇద్దరూ దిగారు. ఆమె బండి వెనక్కి వెళ్ళి మంచులో కలిసిపోయింది. ఈయన తన మూల భుజం ఆనించాడు.

బండి కదిలింది. కొంచెం కదిలి... ఆగింది. మళ్ళీ కదిలింది.

ఈయన చెయ్యి బండి మీదే బిగుసుకుపోయింది. రెండు తోపులు... ఒక ఊపిరి. రెండు తోపులు... ఒక ఊపిరి. ఎవరు తోస్తున్నారో చూడక్కర్లేదు, చెక్కలోంచే తెలిసిపోతుంది. పన్నెండేళ్ళు ఈ మూల నిలబడి, ఆ మూల తోపు భుజంతో విన్నాడు. లోకంలో అలా తోసే మనిషి ఒక్కడే. ఆ మనిషిని మోసుకెళ్ళిన నలుగురిలో తనూ ఉన్నాడు.

పలక తిరుగుతోంది... తిరుగుతోంది... పట్టాలు పట్టాలతో కలిశాయి. ఆగింది.

తడుతుందేమోనని ఎదురుచూశాడు.

తట్టలేదు.

మంచులోంచి, బండికి అవతల నుంచి, బొంగురు గొంతొకటి...

"లాక్ పడిందా?"

నోరు మెదపకూడదని లైనంతటికీ నేర్పినవాడు కదా, మెదపలేదు.

"లాక్... పడిందా?"

అదే విరుపు. "లాక్" దగ్గర చిన్నగా ఆగి, "పడిందా" అని తేల్చడం. విసుగూ లేదు, కోపమూ లేదు. జవాబు కోసం ఎంతసేపయినా నిలబడేవాడి అడగడం. కోపంగా అడిగినా ఈయన తట్టుకునేవాడేమో.

"పడలేదు" అన్నాడు. తన గొంతు తనకే కొత్తగా వినబడింది. "పడలేదు బావా. ఆ రోజు కూడా పడలేదు. నువ్వడిగావు. నేను తొక్కకుండానే పడిందన్నాను... పెద్దసారు ముందు, నువ్వడగనే లేదన్నాను. దెయ్యానివయ్యావని కూడా నేనే..."

బండికి తల ఆనించి ఏడ్చాడు. ఏబై దాటిన మనిషి, వెక్కి వెక్కి ఏడ్చాడు.

అవతల అడుగుల చప్పుడు. ఒకటి... రెండు... బండి చుట్టూ తిరిగి, ఇటే వస్తోంది.

మంచులోంచి మఫ్లర్ కనబడింది.

"అడిగింది నేనే మామయ్యా."

భూమి చీలి అందులోకి పోతే బావుణ్ణనిపించింది. దెయ్యమైనా ఇంత సిగ్గు పెట్టేది కాదు.

"ఆ తోపు..." అన్నాడు.

"నాన్న నేర్పిందే. తను పడుకున్న మంచాన్నే నాతో తోయించేవాడు. ఎలా అడగాలో కూడా ఆయనే నేర్పాడు. ఎక్కడైనా సరే, ఎవరు వద్దన్నా సరే, నోటితో అడగమన్నాడు."

"అయితే... ఇప్పుడు నేనన్నది..."

"కొత్తగా వినడానికేముంది? మాకు ఎప్పుడో తెలుసు."

"మీకంటే? అక్కకి కూడానా?"

"అమ్మకే ముందు చెప్పాడు." ఆమె మఫ్లర్ కిందికి లాక్కుంది. "ఇద్దరి ఉద్యోగాలూ పోతే రెండిళ్ళూ వీధిన పడతాయన్నాడు. తనకెలాగూ కాలు లేదు, ఇంక పనీ లేదు, కనీసం నీదైనా ఉండనిమ్మన్నాడు. మాకు తెలుసని నీకు తెలియనివ్వొద్దని ఒట్టేయించుకున్నాడు. తెలిస్తే వాడు సిగ్గుతో మన గుమ్మం తొక్కడం మానేస్తాడన్నాడు."

ఈయన పదకొండేళ్ళుగా ప్రతి ఆదివారం అక్క ఇంట్లో భోంచేస్తున్నాడు. అక్క కంచంలో వడ్డిస్తూ, వద్దన్నకొద్దీ ఇంకో ముద్ద వేస్తూ, "మా తమ్ముడు మొహమాటస్థుడు" అని పక్కింటివాళ్ళతో చెబుతుంది. ఆవిడకి తెలుసు. ప్రతి ముద్దకీ తెలుసు.

"నాన్నని దెయ్యం చేశారని తెలిసినప్పుడు మాత్రం అమ్మ ఏడ్చింది" అంది ఆమె. "అది నువ్వేనని ఇప్పటిదాకా మాకూ తెలీదు."



ఆమె మళ్ళీ తన మూలకి వెళ్ళిపోయింది. మంచులోంచి అదే గొంతు. "లాక్ పడిందా?"

ఈయన మోకాళ్ళ మీద కూర్చుని చేత్తో తడిమి చూశాడు. పడలేదు. ఈసారి కూడా మర్చిపోయాడు. అలాగే గంట కొట్టి ఉంటే, గట్టు మీదున్న కాలు ఆ పిల్లది. లేచి, ఒంట్లో బలమంతా పెట్టి తొక్కాడు. టక్‌మంది. వంగి ఇంకోసారి తడిమాడు.

"పడింది" అన్నాడు.

గంట మోగింది.

ఆ నెలాఖరున కొత్తవాళ్ళకి పాఠం ఉంది. గదిలో పదహారుమంది. ఈసారి పాఠం మారుతోందని ఎక్కడ విన్నాడో తెలియదు, పెద్దసారు కూడా వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. వెనక వరసలో, డ్యూటీ లేకపోయినా, మేనకోడలు కూర్చుంది. పక్కన అక్క. అక్క డిపో గడప తొక్కడం అదే మొదలు.

ఈయన ఎప్పట్లాగే మొదలెట్టాడు. "పదకొండేళ్ళ కిందట, కొండ మీది చక్రం దగ్గర... కండక్టర్ అడిగాడు. లివరాయన లాక్ తొక్కకుండానే పడిందన్నాడు. తర్వాత అతను అడగనే లేదని అబద్ధమాడాడు."

ముందు వరసలో ఒకతను చెయ్యెత్తాడు. "అలాంటివాణ్ణి ఉద్యోగంలో ఎలా ఉంచారు సార్? ఎవరతను?"

లివరు మామయ్య ఈసారి గోడకేసి చూడలేదు. అక్కకేసి చూశాడు.

"నేనే" అన్నాడు.