రెండు వందల పదకొండో ఎత్తు

అవనిగడ్డ బస్టాండు వెనక వీధిలో ఉన్న కల్యాణ మండపంలో ముందురోజు ఎవరిదో పెళ్లయింది. వాడిన బంతిపూలు, చల్లారిన సాంబారు, తడిసిన తివాచీ... ఆ వాసనలు ఇంకా గోడల్ని పట్టుకునే ఉన్నాయి. వాటి మధ్యలోనే ఇరవై బల్లలు వేయించి, ఆదివారం పొద్దున్న పదింటికి చదరంగం పోటీల ఆఖరి రౌండు మొదలుపెట్టించింది నిస్సీ.

నిస్సీది బందరు. వారమంతా బ్యాంకులో గుమాస్తా ఉద్యోగం. సెలవొచ్చిందంటే మాత్రం చుట్టుపక్కల ఎక్కడ చదరంగం పోటీ జరిగినా ఆమే ఆర్బిటరు. క్రికెట్‌కి అంపైరు ఎలాగో దీనికి ఆర్బిటరు అలాగ. ఏడేళ్లుగా ఆ పని చేసీ చేసీ ఆమెకి అనుమానం ఒక జబ్బులా అంటుకుంది. మాటిమాటికీ బాత్‌రూముకి వెళ్లేవాణ్ని నమ్మదు. చెవుల మీదికి జుట్టు దువ్వుకొచ్చేవాణ్ని నమ్మదు. ఫోన్లో చూసుకొచ్చి ఆడే దొంగల్ని ఇద్దర్ని పట్టుకుంది కూడా.

మధ్యాహ్నం ఒంటిగంటన్నరకల్లా పందొమ్మిది బల్లలు ఖాళీ అయ్యాయి. సముద్రంలో వాయుగుండం ఉందన్న కబురు విని అందరూ బస్సులెక్కేశారు. బహుమతులు వచ్చే వారం ఇస్తామని చెప్పి నిర్వాహకుడు దుర్గాప్రసాద్ కూడా భోజనానికి ఇంటికెళ్లాడు.

"ఆ ఒక్క ఆటా అయిపోయాక ఫోన్ చెయ్యమ్మా, వచ్చి తాళం వేసుకుంటాను," అన్నాడు పోతూ పోతూ.

ఆ ఒక్క ఆటా అయితే కదా!

నాలుగో బల్ల. తెల్లకాయలు సుధన్వవి. గుడివాడ కుర్రాడు, ఇరవై రెండేళ్లవాడు, రేటింగు బాగా ఉన్నవాడు. గెలిస్తే జిల్లా జట్టులో చోటు. డ్రా అయితే ఇంకో ఏడాది ఆగాలి. నల్లకాయలు పోతయ్యవి. డెబ్బై ఏళ్లుంటాయి. నాగాయలంక అవతల ఒక లంకలో రొయ్యల చెరువుకి కాపలా ఉంటాడట. పంటు మీద నది దాటి, బస్సెక్కి వచ్చాడు. ఇంతకుముందు ఏ పోటీలోనూ ఆయన పేరు లేదు. అలాంటి మనిషిని సుధన్వ ముప్పై ఎత్తుల్లో ఇంటికి పంపెయ్యాలి. తొంభై దాటినా ఆట తెమల్లేదు.

తొంభై మూడో ఎత్తు దగ్గర సుధన్వ గడియారం ఆపి చెయ్యెత్తాడు.

"మేడమ్, ఈయనకి ఎవరో చెప్తున్నారు," అన్నాడు గొంతు తగ్గించి. "ఎత్తు వేసే ముందు ప్రతిసారీ తల పక్కకి వంచుతున్నాడు. పెదాలు కదుపుతున్నాడు. నేను ఇందాకటి నుంచీ చూస్తున్నా."

నిస్సీ కూడా చూసింది. పోతయ్యని లేపి, మెటల్ డిటెక్టరు పెట్టి ఒళ్లంతా వెతికింది. కళ్లద్దాల పెట్టె, బీడీ కట్ట, చెమటకి తడిసి ముద్దయిన బస్సు టిక్కెట్టు. చెవుల్లో ఏమీ లేదు. ఫోను అసలు లేనే లేదు.

దొంగతనం అంటగడితే ఎంత నెమ్మదస్తుడైనా మండిపడతాడు. పోతయ్య పడలేదు. చేతులు దించుకుంటూ, "ఏవన్నా దొరికిందా అమ్మా?" అని అడిగాడు. దొరికి ఉంటే బాగుండునన్నట్టు, ఆశగా అడిగాడు.

ఆ ఆశే నిస్సీకి మింగుడుపడలేదు.

ఆట మళ్లీ మొదలైంది. వేసిన ప్రతి ఎత్తుకీ గడియారంలో అర నిమిషం కలుస్తుంది కాబట్టి, చకచకా వేసుకుంటూ పోయేవాళ్లకి టైము అయిపోవటమనేది ఉండదు. దానికి అడ్డుకట్టగా ఒక రూలుంది. యాభై ఎత్తుల పాటు ఏ బంటూ కదలకుండా, ఏ కాయా పోకుండా ఉంటే డ్రా అడగొచ్చు. నూట ఒకటో ఎత్తులో పోతయ్య ఒక బంటు జరిపాడు. ఆ తర్వాత నలభై ఎనిమిది ఎత్తులు ఏనుగుల్నీ రాజునీ అటూ ఇటూ తిప్పి, సరిగ్గా నూట యాభైలో ఇంకో బంటు జరిపాడు. మళ్లీ నలభై ఎనిమిది. నూట తొంభై తొమ్మిదిలో ఇంకోటి.

ఎవరు లెక్కపెడుతున్నారు ఇంత ఒబ్బిడిగా?

నాలుగవుతుండగా వాన అందుకుంది. కిటికీల్లో వెలుతురు బూడిదరంగుకి తిరిగింది. ఎత్తులు రాసే కాగితం చూద్దామని నిస్సీ పోతయ్య వెనక్కి వెళ్లి నుంచుంది. ఆయన అందరిలా ఇంగ్లీషు అక్షరాల్లో కాదు, ఏనుగుకి ఏ, రాజుకి రా అని తెలుగులోనే రాసుకుంటున్నాడు. అది తప్పేం కాదు. కానీ బల్ల మీద జరిగింది నూట తొంభై తొమ్మిదో ఎత్తు. కాగితం మీద రెండు వందల నాలుగు దాకా రాసి ఉంది.

ఆయనవే కాదు. సుధన్వ వెయ్యబోయేవి కూడా.

ముందు చూద్దాం అనుకుంది నిస్సీ. రెండు వందలు. సుధన్వ ఐదు నిమిషాలు ఆలోచించి ఏనుగుని పక్కకి జరిపాడు. కాగితం మీద ఉన్నదే. రెండు వందల ఒకటి. అదే. రెండు. మూడు. నాలుగు. పొల్లు పోలేదు.

అయితే ఇద్దరూ కూడబలుక్కున్నారన్న మాట! ఈ కుర్రాడి ఫిర్యాదు కూడా నాటకమేనా? కానీ రెండు వందల ఎత్తుల నాటకం ఎవడైనా ఎందుకు ఆడతాడు? సుధన్వ మొహం చూసింది. చెమట పట్టి ఉంది. కళ్లు బల్ల మీంచి లేవటం లేదు. నటించేవాడి మొహం కాదది.

నిస్సీ గడియారం ఆపేసి, "ఐదు నిమిషాలు. పోతయ్య గారూ, ఇలా రండి," అంది.

వరండాలో జల్లు కొడుతోంది. మంచినీళ్ల డ్రమ్ము పక్కన నిలబడి నిస్సీ సూటిగా అడిగింది.

"వెయ్యని ఎత్తులు ఎలా రాశారు?"

పోతయ్య బీడీ కట్ట బయటికి తీసి, మళ్లీ జేబులో పెట్టేసుకున్నాడు.

"ఇది కొత్త ఆట కాదమ్మా. అయిపోయిన ఆట," అన్నాడు. "నలభై రెండేళ్ల కిందట మా లంక బడిలో డేనియల్ మాస్టారని ఉండేవారు. ఆయనే నాకు నేర్పింది. ఓ మాటు వరదొచ్చి పంటు ఆగిపోయింది. బడి వరండాలో శనివారం సాయంత్రం కూర్చున్నాం. సోమవారం దాకా లేవలేదు. ఆయనవి తెల్లవి. నావి నల్లవి. రెండు వందల పన్నెండో ఎత్తు... ఆయన ఏనుగుని జరిపారు. చెయ్యి దాని మీదే ఉంది. మనిషి లేడు."

"ఈ ఆటకీ దానికీ ఏంటి?"

"పొద్దున్న ఇరవయ్యో ఎత్తు దగ్గర గుర్తుపట్టాను. ఆ పిల్లాడు మాస్టారు వేసిందే వేస్తన్నాడు. పోనీ నేను మారుద్దామని చెయ్యి చాపితే... చెయ్యి అటు పోదు. ఓడిపోయానని చెబుదామంటే నోరు రాదు. మూడుసార్లు చూశానమ్మా."

"మరి ఆ తల వంచి వినటం ఏంటి?"

"వినట్లేదు తల్లీ. బతిమాలుతున్నాను."

"ఎవర్ని?"

పోతయ్య తల తిప్పి హాల్లోకి చూశాడు. "నువ్వే ఆపాలి. నీ మాటకి ఎదురుండదు కదా ఇక్కడ," అన్నాడు.

ఓడే ఆటని డ్రా చేయించుకోవటానికి జనం చెప్పే కథలు నిస్సీ చాలానే విన్నది. కడుపునొప్పులు విన్నది, చావు కబుర్లు విన్నది. ఇంత పెద్ద కథ మాత్రం ఇదే మొదటిసారి. బ్యాగులోంచి ఒక కాగితం తీసి చేతిలో పెట్టింది.

"మిగిలిన ఎత్తులు రాయండి. అన్నీ."

ఆయన గోడకి ఆనించి రాశాడు. ఏడు వరసలు నిండుగా. ఎనిమిదో వరసలో తెల్లది ఒక్కటే. దాని పక్కన ఖాళీ.

నిస్సీ ఆ కాగితాన్ని మడిచి గుప్పిట్లో పెట్టుకుంది.

లోపలికి వచ్చేసరికి సుధన్వ అలాగే ఉన్నాడు. ఎడమ భుజాన్ని కుడిచేత్తో రుద్దుకుంటున్నాడు. "ఏమైంది?" అంటే "ఏం లేదు మేడమ్, పట్టేసింది," అన్నాడు. గడియారం నడిచింది.

రెండు వందల ఐదు... కాగితంలో ఉన్నదే.

ఆరు... అదే.

కరెంటు పోయింది. ఇన్వర్టరు మీద మూలన ఒక్క బల్బు వెలిగింది. బంతిపూల వాసన ఇప్పుడు లేదు. దాని బదులు సుద్దముక్కల వాసన. తడి పలక తుడిచినప్పటి వాసన. మండపంలో సుద్దముక్క ఎక్కడిది...

ఏడు. ఎనిమిది. సుధన్వ ఊపిరి పెద్దగా వినిపిస్తోంది. పెదాలు తెల్లబడ్డాయి. గడియారం నొక్కిన ప్రతిసారీ చెయ్యి భుజం మీదికే పోతోంది.

తొమ్మిది. కాగితం ప్రకారమే.

పది... నిస్సీ గుప్పిట్లో కాగితం చెమటకి మెత్తబడింది. ప్రభువా, ఇందులో ఒక్కటి, ఒకే ఒక్కటి తప్పు కానీ అనుకుంది.

రెండు వందల పదకొండు. సుధన్వ వేశాడు. పోతయ్య చెయ్యి బల్ల మీద గాల్లో ఆగిపోయింది. వెనక్కి రావాలని ఆ మనిషి ఒళ్లంతా గుంజుకుంటోంది. రాలేదు. వేళ్లు నల్ల రాజుని పట్టుకున్నాయి. ఒక గడి జరిపాయి. గడియారం నొక్కాయి.

సుధన్వ ఏనుగు వైపు చెయ్యి చాపాడు.

"ఆపు!" నిస్సీ ఆ చేతిని పట్టుకుంది. ఐసుముక్కని పట్టుకున్నట్టుంది. రెండో చేత్తో గడియారం ఆపేసింది. "ఆట డ్రా."

సుధన్వ కుర్చీ వెనక్కి పడేలా లేచాడు. భుజం నొప్పి ఏమైందో, మొహంలోకి ఎర్రగా రక్తం వచ్చేసింది.

"ఏ రూలు ప్రకారం మేడమ్? బంటు జరిగి పన్నెండు ఎత్తులే అయింది! నేను గెలిచే ఆట ఇది!"

"నా నిర్ణయం. కాదంటే అప్పీలు చేసుకో."

"వరండాలో ఆయనా మీరూ మాట్లాడుకున్నది ఇదేనా?"

నిస్సీ గడియారాన్ని పెట్టెలో పెట్టేసింది. తన దగ్గరున్న జవాబు చెప్పేది కాదు. సుధన్వ బల్లని ఫోటో తీసుకున్నాడు. కాగితం మీద సంతకం పెట్టకుండా, హెల్మెట్ తగిలించుకుని, వానలోనే బండి తీశాడు.

పోతయ్య మాత్రం సంతకం పెట్టాడు. కళ్లద్దాలు పెట్టెలో పెట్టుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు.

"డ్రా అంటే నాకూ అర పాయింటు వచ్చినట్టే కదమ్మా?"

ఆ మాట అడిగిన మొహంలో భయం లేదు, అలసట లేదు. సంతలో గేదెని మంచి ధరకి అమ్మినవాడిలా ఉన్నాడు. నిస్సీ ఏమీ అనకముందే గొడుగు తెరిచి నాగాయలంక బస్సు వైపు వెళ్లిపోయాడు.

బందరు బస్సులో కూర్చున్నాక కూడా ఆ ప్రశ్న వదల్లేదు. మోపిదేవి దాటింది. చల్లపల్లి దాటింది. బల్ల మీద కాయలు తక్కువున్నప్పుడు వేసే ఎత్తులూ తక్కువే ఉంటాయి. అనుభవం ఉన్నవాడు ఏడు ఊహించలేడా? పాత పుస్తకంలో ఆట ఏదో బట్టీ పట్టి వచ్చాడేమో. కుర్రాడికి పొద్దుటి నుంచీ తిండి లేదు, మొహం పాలిపోదా? సుద్దముక్కల వాసన గోడల తడిది కావచ్చు. ఇల్లు చేరేసరికి ఆమెకి దాదాపు ఖాయమైపోయింది. మోసపోయింది. ఏడేళ్లలో మొదటిసారి, అదీ ఒక చెరువు కాపలావాడి చేతిలో. ఆ పిల్లాడి ఏడాది పోయింది.

ఏడు ముప్పావుకి, అన్నం కూడా తినకుండా, క్షమించమని అడగటానికి సుధన్వకి ఫోన్ చేసింది. వాళ్లమ్మ ఎత్తింది.

"హలో, సుధన్వ అమ్మగారేనా అండీ? ఇంటికి చేరాడా?"

"ఆ, ఇందిరనండీ. చేరి గంటయింది. బట్టలన్నా మార్చుకోకుండా బోర్డు వేసుక్కూర్చున్నాడు. పిలిచినా పలకట్లేదు."

"బోర్డా?"

"అవునండీ. పొద్దున్న ఆట మధ్యలో ఆగిందంట కదా. అక్కడి నుంచే ఆడుతున్నాడు."

నిస్సీ మంచం మీద కూర్చుంది. "ఎవరితోనండీ?"

"ఆర్బిటరు మేడమ్ గారితో. పాపం ఆవిడ ఇంత వానలో బాబు బండి వెనకాలే కూర్చుని వచ్చారండీ. తువ్వాలిస్తే కూడా తీసుకోలేదు. ఆట పూర్తి చేయించి వెళ్తానన్నారు."

"ఏ... మేడమ్ అండీ?"

"నిస్సీ గారని. బందరు. ఇంతకీ మీరెవరండీ?"

"నేను... అమ్మా, నేనే నిస్సీని. ఆ ఆట ఆపించండి. బోర్డు తీసెయ్యండి. అబ్బాయిని ఏనుగు మీద చెయ్యి వెయ్యనివ్వకండి, మీకు దండం పెడతాను..."

ఇందిర గొంతు మారిపోయింది. జాగ్రత్తగా ఉంది. అనుమానంగా ఉంది.

"ఎవరమ్మా నువ్వు? మేడమ్ గారు నా కళ్ల ముందే ఉంటే?"

ఆ మాటల వెనక కుర్చీ జరిగిన చప్పుడు. ఎవరో దగ్గరికి నడిచి వస్తున్నారు. తడి పాదాలు... తర్వాత ఒక గొంతు. నెమ్మదిగా, మర్యాదగా. ఏ హాల్లో మైకు పట్టుకున్నా నిస్సీకి స్పీకర్లలోంచి తిరిగి వినిపించే గొంతు. తన గొంతు.

"ఫోన్ పెట్టెయ్యండి ఇందిర గారూ. అబ్బాయి ఎత్తు వెయ్యాలి."