ఏడో రోల్‌లో మొదటి ఫోటో

కెమెరా మాయమైంది.

1996 ఆగస్టు 29, గురువారం. దోహాలో ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ ఏరియా. సాయంత్రం అయిదూ పదికి లియాఖత్ అలీ ఆ విల్లా కాలింగ్ బెల్ నొక్కాడు.

లియాఖత్ అలీ ఒకప్పుడు జగిత్యాలలో హెడ్ కానిస్టేబుల్. ఇప్పుడు ఒక కంపెనీలో సెక్యూరిటీ ఆఫీసర్. అదే కంపెనీలో సీనియర్ ఇంజనీరు వేణుగోపాలరావు. ఫోన్ చేసి రమ్మన్నది ఆయనే.

"పోలీసులకి చెప్పలేదు లియాఖత్ గారూ. ఎనిమిదింటి దాకా చూస్తాను. దొరక్కపోతే మాబున్నీసా స్పాన్సర్‌కి ఫోన్ చేస్తాను. వీసా క్యాన్సిల్ చేసి ఫ్లైట్ ఎక్కిస్తాడు."

మాబున్నీసా ఆ ఇంటి పనిమనిషి. బోధన్ నుంచి వచ్చి మూడేళ్ళు. వంటింటి గుమ్మం పక్కన తడిగుడ్డ పట్టుకుని నిలబడి ఉంది. స్పాన్సర్ మాట వినగానే ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు.

పాత అలవాటు. లియాఖత్ అలీ ముందుగా ఆమె వైపే తిరిగాడు.

"సంచి ఇప్పు."

ఇప్పింది. ఒక దువ్వెన, నమాజుకి కప్పుకునే దుపట్టా, రెండు ఖుబ్బూస్ రొట్టెలు, ఇంటి నుంచి వచ్చిన ఉత్తరం. ఉత్తరం కవరు కూడా దులిపి చూశాడు. ఏమీ రాలలేదు.

"సరే, ఆడ నిలబడు."

నిలబడింది.

లియాఖత్ అలీ నోట్‌బుక్ తీశాడు.

"కెమెరా ఆఖరుకు ఎప్పుడు చూసిండ్రు సార్?"

"మధ్యాహ్నం రెండున్నరకి. ఈ బ్యాగ్‌లోనే ఉంది. నిద్ర లేచి నాలుగుంబావుకి చూస్తే లేదు."

"ఇంట్ల ఎవరెవరున్నరు?"

"మా ఆవిడ వసుంధర ఉంది. మాబున్నీసా ఇల్లు తుడుస్తోంది. నాలుగింటికి పక్క పోర్షన్ నిసార్ అహ్మద్ వచ్చి వెళ్ళాడట."

బ్యాగ్‌లో దూరపు లెన్స్ భద్రంగా ఉంది. ఫ్లాష్ ఉంది. కెమెరా ఒక్కటే లేదు. లియాఖత్ అలీ దాన్ని రాసుకున్నాడు.

"అంత తొందరేంది సార్ దానికోసం?"

వేణుగోపాలరావు గొంతు సవరించుకున్నాడు. భార్యాభర్తలు పదిహేను రోజులు యూరప్ తిరిగి వచ్చారు. అందరూ సెంట్లూ చాక్లెట్లూ కొనుక్కుంటే వీళ్ళు ఊరికో తోట చొప్పున చూశారు. లండన్, పారిస్, జ్యూరిక్, ఆఖరికి ఆమ్‌స్టర్‌డామ్. రేపు శుక్రవారం తెలుగు సంఘంలో ఆయన ఉపన్యాసం. పేరు "ఐరోపా ఉద్యానవనాలు, మన నడవడిక". పారిస్‌లో మనవాడొకడు గులాబీ తుంచబోతే అందరి ముందూ వాణ్ణి కడిగేసిన వైనం దోహాలో సగం మందికి కంఠతా వచ్చు. మిగిలిన సగానికి రేపు వస్తుంది.

"ఆరు రోల్స్ ప్రింట్ చేయించాను. ఏడోది కెమెరాలోనే ఉండిపోయింది," అన్నాడాయన.

వసుంధర టీ తెచ్చింది. లియాఖత్ అలీ కప్పు అందుకోబోతూ కిటికీ వైపు చూశాడు. ఏసీ నీళ్ళు పట్టిన సీసా పక్కన నీడో పాలపొడి డబ్బా. అందులో చిన్న తీగ. నాలుగు ఆకులు. ఒకటి లేతగా విచ్చుకుంటోంది. పాన్ లేనిదే పొద్దు గడవని మనిషికి ప్రాణం లేచొచ్చింది.

"అరే, తమలపాకు! ఒక్క ఆకు తెంపుకోవచ్చా అమ్మా?"

"వద్దండీ!"

సాసర్లో టీ ఒలికింది. వసుంధర వెంటనే నవ్వబోయింది. "ఇంకా లేతది. పక్కింటి రెహానా హైదరాబాద్ నుంచి తెచ్చిచ్చింది."

అయిదూ నలభైకి ఇల్లు వెతకడం మొదలుపెట్టారు. బీరువాలు, సోఫాల కింద, వాషింగ్ మెషీన్, చివరికి చెత్తబుట్ట. పూజ అల్మరా దగ్గర లియాఖత్ అలీ మర్యాదగా ఆగాడు.

"అది నేను చూశాను, లేదు," అంది వసుంధర.

ఆరున్నరకి నిసార్ అహ్మద్ వచ్చాడు. నజ్మా ఏరియాలో ఒక ఫోటో స్టూడియోలో పని చేస్తాడు. రెహానా అతని భార్య.

"నాలుగింటికి ఎందుకొచ్చినవ్?"

"రోల్ కోసం సాబ్. రేపటికి ఫోటోలు కావాలన్నరు గదా. ఇది మూడోసారి అడుగుడు."

"ఎవర్ని అడిగినవ్?"

"మేడమ్‌ని. మొన్న రేపన్నరు. నిన్న సార్ లేడన్నరు. ఇయ్యాల తలనొప్పి అన్నరు."

"కెమెరా నువ్వే తీసినవంటే?"

నిసార్‌కి కోపం వచ్చింది. "స్టూడియోల పనిచేసేటోణ్ణి సాబ్. తీస్తే ఆ లెన్స్ ఇడిచిపెడ్తనా? దాని ముందట కెమెరా ఎంత?"

"రెహానా హైదరాబాద్ ఎప్పుడు పోయొచ్చింది?"

"పోయిందేడ? రెండేండ్లాయె. ఈ డిసెంబర్ల పోవాలె, ఇన్షా అల్లా."

లియాఖత్ అలీ పెన్ను ఆగింది.

ఏడూ అయిదు. ఆల్బమ్ తెప్పించుకుని ఆఖరి పేజీ తెరిచాడు. ఆమ్‌స్టర్‌డామ్ బొటానికల్ గార్డెన్, అద్దాల ఇల్లు. కొబ్బరిపీచు చుట్టిన కర్రకి అల్లుకున్న తమలపాకు తీగ, దాని ముందు పేరు రాసిన పలక, పక్కనే వసుంధర. ఫోటో మూలన నారింజ రంగు అంకెలు. తొమ్మిదో తారీఖు, 15:12.

"దీని తర్వాత ఫోటో ఏది సార్?"

"అదీ అక్కడిదే. ఈ క్లిక్‌తో రోల్ అయిపోయింది. లోపలంతా ఆవిరి. బయటికి వెళ్ళి కొత్త రోల్ వేసుకొచ్చాను. అయిదు నిమిషాలు పట్టింది. రాగానే వసుంధరని అక్కడే ఇంకో ఫోటో తీశాను."

"అది?"

"కెమెరాలోనే ఉంది. ఏడో రోల్‌లో అదే మొదటిది."

లియాఖత్ అలీ కిటికీ వైపు చూడలేదు. చూడాల్సిన అవసరం లేకపోయింది. జగిత్యాలలో దొంగ దొరికితే మీసం మెలేసేవాడు. ఇప్పుడు అలాంటి హుషారేమీ కలగలేదు. ఎవరి ఇంట్లోనో ఎవరూ చూడకూడనిది చూసినట్టు ఇబ్బందిగా ఉంది.

ఏడూ ముప్పై అయిదుకి అందర్నీ హాల్లో కూర్చోబెట్టాడు. మాబున్నీసాని కూర్చోమని ఎవరూ అనలేదు. ఆమె గుమ్మం దగ్గరే ఉంది.

"దొంగకు కెమెరా అక్కర్లేదు సార్. అక్కరుంటే లెన్స్ గూడ పోతుండె. దొంగకు కావాల్సింది లోపలున్న రోల్. దాంట్ల ఒక ఫోటో ఎవరి కంటా పడొద్దు."

"ఏముందండీ అందులో? తోట!"

"తోటనే సార్. నేను కెమెరా గురించి అడిగినప్పుడు ఎవరూ బెదరలే. తమలపాకు అడిగితే టీ ఒలికింది. ఆ తీగ హైదరాబాద్ నుంచి తెచ్చిన మనిషి రెండేండ్ల సంది హైదరాబాదే పోలే. ఇల్లంత వెతికినం, ఒక్క చోటు తప్ప. ఆడ నేను చెయ్యి పెట్ట. నిసార్ పెట్టడు. మాబున్నీసా పెట్టదు."

ఎవరి పేరూ చెప్పలేదు.

వసుంధర అప్పటిదాకా తేలు కుట్టిన దొంగలా కూర్చుని ఉంది. లేచింది. పూజ అల్మరా తెరిచి, దేవుడి పటాల వెనక నుంచి కెమెరా తీసింది. జాకెట్ గుడ్డలో చుట్టి ఉంది.

"ఆ ఫోటోలో నా చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లో ఉంటుందండీ," అంది భర్తతో. "తీగకి చివర ఉండదు."

వేణుగోపాలరావుకి అర్థమవడానికి కొంచెం టైము పట్టింది.

"తెంపావా? నువ్వా?"

"మన తీగ అక్కడ పలక కట్టించుకుని కనబడేసరికి ఆగలేకపోయాను. అడిగి తెచ్చిన తీగ బతకదు, దొంగిలించి తెచ్చిందే అల్లుకుంటుందని మా అమ్మమ్మ అనేది. గోటితో తుంచేశాను. తడి రుమాల్లో చుట్టుకొచ్చాను. మీరు ఆ పారిస్ గులాబీ కథ చెప్పినప్పుడల్లా సిగ్గుతో చచ్చిపోయాను. రేపు సభలో ఆ ఫోటో అందరూ చూస్తారని, కెమెరా దాచేశాను."

"మరి మాబున్నీసా సంగతేందమ్మా?" అన్నాడు లియాఖత్ అలీ.

వసుంధర తల దించుకుంది.

"ఆవిడ మీద పడుతుందనుకోలేదు. పడ్డాక నోరు విప్పలేకపోయాను. మొక్క కంటే అదే పెద్ద దొంగతనమండీ. నాకు తెలుసు."

వేణుగోపాలరావు ఏదో గట్టిగా అనబోయాడు. పారిస్‌లో అన్న మాటలన్నీ నాలుక చివరే ఉన్నాయి. అప్పుడు తన చేతిలోని కాగితం చూసుకున్నాడు. స్పాన్సర్ ఫోన్ నంబరు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

వసుంధర గుమ్మం దగ్గరికి వెళ్ళి మాబున్నీసా రెండు చేతులూ పట్టుకుంది. మాబున్నీసా చేతులు విడిపించుకోలేదు. పట్టుకోనూ లేదు.

"శనివారం వస్తావా?" అంది వసుంధర చివరికి.

"వస్తనమ్మా. రాక ఏడికి పోత?"

ఎనిమిదీ పదికి లియాఖత్ అలీ బయటపడ్డాడు. మాబున్నీసాని నజ్మాలో ఆమె రూమ్ దగ్గర దింపుతానన్నాడు. ఇద్దరూ కారు వైపు నడిచారు. బయట గాలి ఇంకా వేడిగానే ఉంది.

కేసు తేలింది కానీ ఆయనకి ఒక లెక్క తేలలేదు. రెండున్నరకీ నాలుగుంబావుకీ మధ్య ఈమె ఇల్లు తుడుస్తూనే ఉంది. పూజ అల్మరా హాల్లోనే ఉంది.

"మేడమ్ కెమెరా దాసేటప్పుడు నువ్వు చూసినవా?"

"చూసిన సాబ్."

లియాఖత్ అలీ ఆగిపోయాడు.

"చూసినవా! మూడు గంటల సేపు దొంగోలె నిలబడ్డవు. మరి నాకెందుకు చెప్పలే?"

మాబున్నీసా ఆయన ముఖంలోకి సూటిగా చూసింది. ఆ సాయంత్రం అది మొదటిసారి.

"మీరు అడగలే సాబ్. వాళ్ళందర్నీ అడిగిండ్రు, రాసుకున్నరు. నన్ను సంచి ఇప్పుమన్నరు."

ఆయనకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ ఇంట్లో ఎవరి సిగ్గుకీ తీసిపోని సిగ్గు ఆయన్ని పట్టుకుంది.

"మాఫ్ చెయ్యి చెల్లె," అన్నాడు.

"మీరు మనోళ్ళే గదా, అడుగుతరనుకున్న," అంది మాబున్నీసా. వెనక తలుపు తనే తెరుచుకుని కార్లో కూర్చుంది.