భేదచక్రం

రోడ్ల మీద కార్లన్నీ వాటంతటవే నడిచే ఆ కాలంలో, మనిషి తన చేత్తో స్టీరింగ్ పట్టుకునే చోటు గుత్తి బయటి రేసు మైదానం ఒక్కటే మిగిలింది. అక్కడ పరుగెత్తేవన్నీ మోటారుసైకిల్ ఇంజను బిగించిన బుల్లి కార్లు. ఇంజను తేలిక, ఊపు ఎక్కువ. చిక్కల్లా వెనక చక్రాల దగ్గరే. మోటారుసైకిల్‌కు నడిచే చక్రం ఒక్కటే కనక గొలుసు తగిలిస్తే చాలు. కారుకు రెండు. మలుపులో బయటి చక్రం లోపలిదాని కన్నా ఎక్కువ దూరం పోవాలి. రెంటినీ ఒకే ఇరుసుకు బిగిస్తే కారు తిరగనని మొండికేస్తుంది. రెండు చక్రాలనూ వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే మామూలు డిఫరెన్షియల్ పెడితే, మలుపులో పైకి తేలిన లోపలి చక్రం ఊరికే గిర్రున తిరిగి బలమంతా వృథా చేస్తుంది.

హిమశైల ఏళ్ల తరబడి శ్రమించి చేసిన భేదచక్రం ఆ చిక్కు విప్పింది. డ్రైవరు మెదడులో పుట్టిన సంకల్పాన్ని, చెయ్యి కదలకముందే, హెల్మెట్‌లోని సెన్సర్లు పట్టేస్తాయి. దాన్నిబట్టి ఏ చక్రానికెంత తిప్పే బలం పోవాలో యంత్రం తేల్చేస్తుంది; ఒక చక్రానికి బలం పెంచితే కారు రెండో పక్కకు మళ్లుతుంది. అడిగితే హెల్మెట్‌లోంచే జవాబూ చెబుతుంది.

ఫైనల్లో ఆమె డ్రైవరు ఖాజాపీర్ కారు మలుపులో పక్కకు విరుచుకుపడి పోటీదారు ఏసోబు కారును గుద్దింది. ఏసోబు కాలు నుజ్జయింది. అంతకు ముందు చుట్టులోనే ఏసోబు ఖాజా కారును మట్టిలోకి నెట్టడం అందరూ చూశారు. ఖాజా మాత్రం తను తప్పించబోయాననీ, భేదచక్రమే మాట వినలేదనీ చెప్పుకు తిరిగాడు. రేసు సంఘం భేదచక్రాన్ని నిషేధించడానికి సిద్ధపడింది.

హిమశైలకు ఒళ్లు మండిపోయింది. కసి తీర్చుకున్నది వాడు, నింద తన యంత్రానికా? అన్నం ముందు కూర్చున్నా అదే రగులుతోంది. అదే మలుపులో తనే నడిపి చూపిస్తానని సంఘం వాళ్లను పిలిచింది. ఖాజానూ రమ్మంది.

"నేను కుడికే తిప్పినా అక్కా. నా బిడ్డ మీద ఒట్టు. నువ్వు నడపాకు," అన్నాడతను.

"అబద్ధానికి బిడ్డను అడ్డం పెట్టకు. పోయి ఆ టైర్ల గోడ వెనక నిలబడి చూడు."

మొదట కారు చెప్పినట్టే విన్నది. మరో చుట్టులో, మలుపు దగ్గర, ఎడమ పక్క టైర్ల గోడ మీదుగా ఖాజా ముఖం కనిపించింది. ఆమె కుడికి తిప్పింది. కారు ఎడమకు దూసుకెళ్లింది. బ్రేకు తొక్కిపట్టినా టైర్ల గోడను చీల్చుకుని, పక్కకు దూకిన ఖాజా కాళ్ల దగ్గర ఆగింది.

"కుడికి కదా తిప్పాను. ఎడమకెందుకు తోశావు?" అని యంత్రాన్ని కసిరింది.

"చేతి కన్నా ముందు మీ సంకల్పం అందింది," అంది హెల్మెట్‌లోని గొంతు. "అది ఎడమకే ఉంది. చెయ్యి ఆలస్యంగా అడ్డుపడింది."

తిట్టబోయింది. కానీ ఆ ముఖం కనపడగానే వీడు చస్తే పీడ పోతుందని మెరుపులా అనిపించిన మాట నిజం.

సంఘం అధ్యక్షుడు రుక్మాంగదరావు పరుగున వచ్చి, యంత్రంలో లోపం ఉన్నట్టేనా అని అడిగాడు. అవునంటే ఆమె భేదచక్రం పోతుంది, కానీ ఇద్దరి పరువూ నిలుస్తుంది. ఆ మాట కోసమే ఖాజా ఆశగా చూస్తున్నాడు.

"లోపమేం లేదండీ," అంది హిమశైల. "నేను ఇతన్ని గుద్దాలనుకున్నాను. అది గుద్దబోయింది."

ఖాజా చెదిరిన టైర్ల మీద కూలబడ్డాడు. తలెత్తి, ఏసోబు ఏ ఆస్పత్రిలో ఉన్నాడని అడిగాడు.