ఎనిమిది వేల చుట్లు

మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలు!

అయినా ఆకాశాన సూర్యుడు లేడు... కాటుక కొండల్లాంటి కారుమేఘాలు ప్రచండ మార్తాండుణ్ణి పట్టపగలే పాతరేశాయి! దిక్కులు పిక్కటిల్లేలా పిడుగులు! గిటార్ల కార్ఖానా రేకుల కప్పుమీద, డ్యూటీ వేళలు మరచిన గుడ్లగూబ ఒకటి కూసింది... ఒకసారి... రెండుసార్లు... మూడోసారి కూయబోయి, లోపల జరుగుతున్నది చూసి నోరు మూసుకుంది!

లోపల పని బల్లమీద రక్తవర్ణ వలయం. వలయం నడుమ ఒక కపాలం! కపాలం పక్కన నిగనిగలాడే ఒక కరెంటు గిటార్!

బల్లకు అటు బేసుబాబు. ఒకప్పుడు బ్యాండులో బేసు గిటార్ వాయించినవాడు, ఇప్పుడు భయంకర క్షుద్రోపాసకుడు. తంత్రులు లొంగక తాంత్రికుడైనవాడు!

ఇటు కాయిలమ్మ. గిటార్ తీగల కింద ఉండే అయస్కాంతాలకు, వెంట్రుకంత సన్నని రాగితీగను ఎనిమిది వేల చుట్లు చుట్టడం ఆమె పని. కాయిల్స్ చుడుతుంది కనుక కాయిలమ్మ. కోయిలమ్మకైతే గొంతుంటుంది... ఈమె ముప్పై ఏళ్ళుగా గొంతు విప్పి ఏడవనైనా లేదు!

వారం కిందట బేసుబాబు కార్ఖానాకొచ్చి, "పాట మలుపు తిరిగిన కాలంనాటి గిటార్ చేసిపెట్టాలి," అన్నాడు ముసలి మేస్త్రితో.

డాన్సు హాళ్ళలో ఉత్త చెక్క గిటార్లు మూలపడి, పాట మొట్టమొదటిసారి కరెంటు తాగి కేకపెట్టిన కాలం అది. అదే ఒంపు... అంచుల్లో నల్లబడే అదే తేనెరంగు... మూడు కాయిల్స్, వాటిలో ఏది మోగాలో ఎంచే మూడు మెట్ల మీట.

"అంటే కొత్తదే పాతదిలా కనపడాలి. అంతేగా సార్? మా ఆవిడ రోజూ అద్దాన్ని సరిగ్గా దీనికి ఉల్టాగా అడుగుతుంది," అన్నాడు మేస్త్రి.

బేసుబాబు నవ్వలేదు. సంచిలోంచి పుర్రె తీసి బల్లమీద పెట్టాడు!

"మెడ పైన తీగలు ఆనే ఎముక ముక్క దీన్లోంచే కొయ్యాలి. మూడు కాయిల్సూ ఎడమవైపే చుట్టాలి. ఆ కాలంలో అలాగే చుట్టేవాళ్ళు. అప్పుడు లేచే ఘూంమనే రొదలోనే నా మంత్రం నిలుస్తుంది. ఒక్క చుట్టు తేడా వచ్చిందో... ఇంకో పుర్రె తెచ్చుకుంటా!"

మేస్త్రికి ఆ క్షణాన పట్టిన చలిజ్వరం మళ్ళీ వదల్లేదు.

కాయిలమ్మ పుర్రెను చూసింది. ముందుపన్ను సగం విరిగి ఉంది. తీగల కొసలు పళ్ళతో కొరికి తెంపబోయి విరగ్గొట్టుకున్న పన్ను! 'కట్టర్ ఉండగా పళ్ళెందుకు అన్నయ్యా?' అని తనెన్నిసార్లు పోట్లాడిందో...

అన్నయ్య! వేదికమీద షాక్ కొట్టి పోయిన అన్నయ్య! అందరూ ప్రమాదమన్నారు. యాంప్లిఫయర్ వెనక వంగి, ఎర్త్ తీగ కత్తిరిస్తున్న బేసుబాబును చూసింది మాత్రం గౌను తొడుక్కున్న పదేళ్ళ చెల్లెలు. చెబితే ఎవరు నమ్మారు?

అన్నయ్య బాణీలు తనవని చెప్పుకుని వాడు పెద్దవాడయ్యాడు. ఇప్పుడు బాణీలు అయిపోయాయి. సమాధి తవ్వాడు! ఆ ప్రేతాన్నే గిటార్‌లో బంధించి, కలకాలం కొత్త పాటలు పిండుకోవాలని పన్నాగం! చంపినవాడికే చాకిరీ... చచ్చాక కూడానా!

"చుడతాను సార్," అంది కాయిలమ్మ. చుట్టేది ఆ పుర్రెకు చుట్టమని వాడికేం తెలుసు!

మర్నాడు పొద్దున్నే మధ్య కాయిల్‌ను కుడివైపుకు చుట్టింది. కార్ఖానాలో అది రోజూ చేసే పనే. అలా ఎదురు చుట్టిన కాయిల్ పక్కదానితో కలిసి మోగితే, ఒకదాని రొదను మరొకటి మింగేస్తుంది. పైన నల్ల టేపు వేశాక లోపలి చుట్టు ఎటో చుట్టిన చేతికే తెలుసు.

ఇక రెండు కాయిల్స్‌ను కలిపి మోగించడమంటారా... మీటను రెండు మెట్ల నడుమ ఆపి అగ్గిపుల్లతో బిగించడం అన్నయ్య కనిపెట్టిన కిటుకే! వారానికి గిటార్ తయారైంది. ఇవాళ ఈ బల్ల ముందుకొచ్చే ముందు ఒక అగ్గిపుల్ల కొప్పులో దోపుకుంది.

"గిటార్ తీసుకో! ఈ పుర్రెవాడు పూనడానికో ఒళ్ళు కావాలి. నీకైతే ఏడ్చేవాళ్ళు కూడా లేరట!" గర్జించాడు బేసుబాబు. "హ్రీం... హూం... ఫట్!"

యాంప్లిఫయర్ గర్భంలోంచి ఘోర ఘూంకారం లేచింది. ఆ రొదలోనే వాడి మంత్రం ఉంది... అదే వాడికి కవచం... అదే అన్నయ్యకు సంకెల! కాయిలమ్మ కనుగుడ్లు తెల్లగా తిరిగాయి... వేళ్ళు కొయ్యబారాయి... కంఠంలోంచి మగగొంతు ఆర్తనాదం చేసింది.

"వదల్రా... కాలిపోతున్నా..."

"వాయించరా బానిసా!"

వేళ్ళు తీగలమీద విలవిలలాడాయి. ఒళ్ళంతా అన్నయ్య వశం... కుడిచేయి ఒక్కటీ చెల్లెలిది! అది కొప్పు చేరింది... అగ్గిపుల్ల లాగింది... మీటను రెండు మెట్ల నడుమ ఆపి పుల్ల బిగించింది.

టక్!

నిశ్శబ్దం... పిడుగులు సైతం ఊపిరి బిగబట్టిన నిశ్శబ్దం!

"రొద... రొదేది? నా మంత్రమేది? ఎటు చుట్టావే?"

"అన్నయ్యకు నచ్చినట్టు చుట్టాను బాబూ."

మరుక్షణం అదే గొంతులోంచి, "ఏరా బేసూ! ఎర్త్ తీగ తెచ్చావా?"

ఒకే ఒక్క స్వరం మోగింది... ఏ మంత్రానికీ లొంగని స్వరం, ముప్పై ఏళ్ళుగా మోగకుండా ఆగిన స్వరం! ఆకాశం నిట్టనిలువునా చీలింది! రేకులను ఛేదించుకుని పిడుగు దిగింది! ఆరు తీగలూ ఆరు కాలసర్పాలై వాణ్ణి చుట్టేశాయి! బేసుబాబు దేహం ముడుచుకుంది... వెంట్రుకంత సన్నమైంది... కెవ్వుమంటూ మధ్య కాయిల్‌లోకి ఇంకిపోయింది!

వాన వెలిశాక కాయిలమ్మ గిటార్ మెడలోని ఎముక ముక్కను ఊడదీసి, పుర్రె పక్కన పెట్టి, తెల్లగుడ్డలో చుట్టింది. "పడుకో అన్నయ్యా," అంది. అప్పుడు ఏడ్చింది... గొంతు విప్పి!

దుప్పటి కప్పుకున్న మేస్త్రి తలుపు సందులోంచి తొంగిచూశాడు. "అమ్మా... ఆయనేడీ?"

"లోపలే ఉన్నారు."

మధ్య కాయిల్‌ను చుట్టే యంత్రానికి బిగించింది. టేపు ఊడబెరికి, పిడిని వెనక్కి తిప్పింది.

"ఒకటి..."

రాగితీగలోంచి కీచుమని కేక!

"రెండు..." మళ్ళీ కేక!

"ఇంకా ఎన్నమ్మా?" గజగజలాడాడు మేస్త్రి.

"ఎనిమిది వేలకి రెండు తక్కువ. మీరు టీ తాగి రండి మేస్త్రిగారూ... నాకు తొందరేం లేదు."